ఎవరికీ వినబడని బేస్, మైక్ దగ్గర షాక్: ఒక తమ్ముడి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: అన్నా, నాకు ముప్పై ఒకటి. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. ఏడాది కిందట నాలుగు తీగల బేస్ గిటార్ కొన్నాను. ఆదివారాలు చర్చిలో, అప్పుడప్పుడు ఫ్రెండ్స్ ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నాను. ఇంట్లో బాగానే ఉంటుంది, అక్కడికి వెళ్తే నా బేస్ ఎవరికీ వినబడదు. కీబోర్డ్ అన్న శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే నాకు చేతులాడవు. వానలు మొదలయ్యాక లావు తీగ బరబరమంటోంది. గంట వాయిస్తే ఎడమ మణికట్టు లాగేస్తోంది. మొన్న కోరస్ పాడబోతే మైక్ పెదవికి తగిలి చుర్రుమంది. ఐదు తీగలది కొంటే వీటిలో కొన్నయినా తగ్గుతాయా?

జవాబు:

తమ్ముడూ, ఇన్ని అడిగి మధ్యలో ఒక ముక్కగా వదిలేశావు చూడు, ఆ చుర్రుమన్న సంగతి, దాంతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ ఆరు నెలలు ఆగినా ఫరవాలేదు. అది ఆగదు.

బేస్ తీగలు కింది కొసన ఉండే లోహపు పట్టీ, అంటే బ్రిడ్జి మీద ఆనుకుని ఉంటాయి కదా, ఆ బ్రిడ్జి కింద నుంచి ఒక సన్నని వైరు జాక్ దాకా వెళ్తుంది. అక్కడి నుంచి కేబుల్ పైపొర గుండా యాంప్లిఫయర్ (యాంప్) ఎర్త్‌కు చేరుతుంది. అంటే నీ వేళ్లు తీగల మీద ఉన్నంతసేపూ నువ్వు యాంప్ ఎర్త్‌ను పట్టుకుని ఉన్నట్టే. అలాగే మైక్ జాలీ సౌండ్ మిక్సర్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. రెండూ ఒకే మంచి ఎర్త్ అయితే నీకు ఏమీ తెలియదు. యాంప్ ఒక గోడ ప్లగ్‌లో, మిక్సర్ ఇంకో గోడ ప్లగ్‌లో ఉండి, మధ్యలో ఎర్త్ పిన్ లేని ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి దూరిందనుకో, రెండింటి మధ్య వోల్టేజీ తేడా వస్తుంది. ఆ తేడాకు ఒక కొస నీ వేళ్లు, ఇంకో కొస నీ పెదవి. మధ్యలో గుండె ఉంది. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ అనే బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వే సరిగా ఎర్త్ లేని మైక్ ముట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. భయపెట్టడానికి చెప్పడం లేదు. మన ఫంక్షన్ హాళ్ల వైరింగ్ నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నాకూ ఒకసారి జరిగింది. కోనసీమలో ఒక పెళ్లి ప్రోగ్రాం. కరెంటు పోయింది, జనరేటర్ వేశారు, దానికి ఎర్త్ రాడ్ లేదు. పల్లవిలో 'ఆ...' అనబోయి పెదవి ఆనించాను. పళ్లు జివ్వుమన్నాయి, రెండు అడుగులు వెనక్కి పడ్డాను. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు అది స్టెప్పు అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి నా గిటార్ సంచిలో ఒక మల్టీమీటర్ ఉంటుంది. మూడు నాలుగు వందల్లో దొరికే మామూలుది చాలు.

చేయాల్సింది ఇది. నీ యాంప్, మిక్సర్, కీబోర్డ్ అన్నీ మూడు పిన్నుల ప్లగ్గుతో, వీలైతే ఒకే బోర్డు నుంచి తీసుకోండి. ప్రోగ్రాం మొదలుకాకముందే మీటర్‌ను ఏసీ వోల్ట్స్‌లో పెట్టి ఒక కడ్డీ తీగకు, ఇంకోటి మైక్ జాలీకి ఆనించి చూడు. ఒకటి రెండు వోల్టులంటే సరే. పదుల్లో చూపిస్తే మాత్రం పాడకు, ఎలక్ట్రీషియన్‌ను పిలవమను. ఎవరైనా "స్పీకర్‌లో హమ్ (గుయ్‌మనే మోత) వస్తోంది, ఎర్త్ పిన్ను తీసేయ్, పోతుంది" అంటే విని ఊరుకో, ఆ పని మాత్రం చేయకు. హమ్ పోతుంది, నీ రక్షణా పోతుంది. హమ్ తీయడానికి డీఐ బాక్సు (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ అని ఒక చిన్న స్విచ్ ఉంటుంది. అది సిగ్నల్ దారిలో గ్రౌండ్‌ను విడదీస్తుంది తప్ప కరెంటు ఎర్త్‌ను ముట్టుకోదు. దాన్ని వాడు. ఈలోపు మైక్ మీద ఒక స్పాంజి తొడుగు వేసుకో, కనీసం పెదవి లోహానికి తగలదు. అది తాత్కాలికమే సుమా.

ఇక వినబడకపోవడం. బేస్ పట్టుకున్న ప్రతివాడికీ ఉండే బాధే ఇది. మా పెద్దమ్మ ఇప్పటికీ "నువ్వు గిటార్‌లో రెండు తీగలు తెగినదే ఎందుకు వాయిస్తావురా" అంటుంది. సరే, దాన్ని వదిలేద్దాం.

ముందు ఇంట్లో ఎందుకు బాగుంటుందో చెప్తాను. నీ లావు తీగను ఏ వేలూ పెట్టకుండా వదిలి మీటితే సెకనుకు 41 కంపనాలు. గాలిలో ఆ శబ్ద తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైమాట. నీ గది పది బై పన్నెండు అడుగులు అనుకుందాం, మన అపార్ట్‌మెంట్ బెడ్‌రూములు దాదాపు అంతే. పది అడుగుల గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుని 56, 57 హెర్ట్జ్ దగ్గర తనంతట తానే పెరుగుతుంది. నీ 'ఏ' తీగ 55. అందుకే ఇంట్లో ఆ తీగ మీటగానే గోడ పక్కన బీరువా తలుపు గజగజమంటుంది. అదే గది నడిమధ్యలో నిలబడి విను, అదే స్వరం సగానికి సగం మాయమవుతుంది. యాంప్ మూలకు పెడితే ఇంకా బొంయ్‌మంటుంది. నువ్వు ఇంట్లో విని మురిసిపోయిన సౌండులో సగం నీది కాదు, మీ ఇంటి గోడలది. హాల్లో ఆ గోడలు లేవు.

అందుకని వినబడటం లేదని యాంప్ మీద బేస్ నాబ్ పెంచుతావు. నేనూ అయిదేళ్లు అదే చేశాను. పెంచేకొద్దీ హాలంతా బురద బురదగా మోగుతుంది తప్ప నువ్వు ఏ స్వరం వాయిస్తున్నావో తెలియదు. మన చెవికి 40, 50 హెర్ట్జ్ సహజంగానే తక్కువ వినిపిస్తుంది. స్వరం ఫలానా అని చెవి పట్టుకునేది దాని పైన ఉండే ఉపస్వరాలతో. ఫోన్ స్పీకర్‌లో అంత కింది శబ్దం అసలు రాదు, అయినా పాటలో బేస్ లైన్ పోల్చుకుంటాం కదా, అది అలాగే. కాబట్టి ఈ ఆదివారం బేస్ నాబ్ మధ్యకు తెచ్చి, మిడ్ (మధ్యస్థాయి శబ్దాల) నాబ్ కొంచెం పెంచు. విడిగా వింటే ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది, నీకు నచ్చదు. అందరూ కలిసి వాయించేటప్పుడు అదే నీ గొంతు అవుతుంది. టోన్ నిర్ణయం ఇంట్లో ఒంటరిగా తీసుకోకు.

చిన్న గిటార్ యాంప్‌లోకి పెడుతున్నావేమో చెప్పలేదు. మెల్లగా అయితే సరే, గట్టిగా పెడితే దాని స్పీకర్ చిరుగుతుంది. చర్చిలో పీఏ (పెద్ద స్పీకర్ల సౌండ్ సిస్టం) ఉంటే డీఐ బాక్సు ద్వారా మిక్సర్‌లోకి వెళ్లు. కేబుల్ తీసుకెళ్లి నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే బ్యాటరీ లేని బేస్ సౌండు నీరసంగా, దుప్పటి కప్పినట్టు వస్తుంది. తీగల కంపనాన్ని పట్టే పికప్ ఇచ్చే సిగ్నల్‌ను ఆ ఇన్‌పుట్ లాగేస్తుంది. నీది బ్యాటరీ ఉండే రకమైతే వాయించనప్పుడు కేబుల్ తీసేయ్. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ తొమ్మిది వోల్టుల బ్యాటరీ అరిగిపోతూనే ఉంటుంది. చాలామంది 'పికప్ పోయింది' అని షాపుకు పరిగెత్తేది ఆ బ్యాటరీ కోసమే.

ఇవన్నీ సరిచేసినా వినబడకపోతే అప్పుడు అసలు సంగతికి రావాలి. నీ చోటులో ఇంకెవరో కూర్చున్నారు. అది ఎవరో కనిపెట్టు.

మొదటి అనుమానం కీబోర్డ్ మీద. మన దగ్గర ఎక్కువగా స్టైల్స్ ఉండే కీబోర్డులు. ఆయన ఎడమ చేత్తో కార్డ్ పట్టగానే డ్రమ్స్, గిటార్‌తో పాటు బేస్ కూడా దానంతట అదే మోగుతుంది. అంటే పాటలో ఇద్దరు బేస్ ప్లేయర్లు, అందులో ఒకడు మిషన్, వాడు ఎప్పుడూ తాళం తప్పడు. నువ్వు ఎలా వినబడతావు? ఆ స్టైల్‌లో బేస్ ట్రాక్ ఒక్కదాన్నే ఆపే బటన్ ఉంటుంది. అన్నను బతిమాలి ఆపించు. "మీ ఎడమ చెయ్యి తీసేయండి" అని మాత్రం అనకు, ఆయనకు కోపం వస్తుంది, న్యాయమే. "అన్నా, ఈ రెండు పాటలకు స్టైల్ బేస్ ఆపి చూద్దామా, నేను నేర్చుకుంటాను" అను. పెద్దరికం ఇచ్చి అడిగితే మన కీబోర్డ్ అన్నలు కాదనరు. స్టైల్ వాడని ఆయనైతే ఎడమ చేత్తో కింది ఆక్టేవ్‌లో (సా నుంచి పై సా దాకా ఒక వరుస) మోగిస్తుంటాడు, ఒక ఆక్టేవ్ పైకి జరగమని అడుగు.

రెండో అనుమానం కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్స్, అంటే ప్యాడ్స్ మీద. ఆక్టోప్యాడ్‌లో కిక్ (పెద్ద డ్రమ్ము) సౌండు ఒక్కొక్కటి ఒక్కో రకం. కొన్ని 'టుక్' అని ముగుస్తాయి, కొన్ని 'ధూమ్...' అని సాగుతాయి. డప్పు, ఢోలక్ ప్యాచ్‌లు కూడా కింద పెద్ద మోత పెట్టుకుని ఉంటాయి. సాగే కిక్ ఉన్నచోట నీ స్వరం మునిగిపోతుంది. పొట్టి కిక్ పెట్టమని అడిగి, ప్రతి కిక్ మీదా కచ్చితంగా పడు. ప్యాడ్ తమ్ముడి కుడి చేతిని చూస్తూ వాయించు, పాడేవాళ్లను తర్వాత చూద్దువు గాని. మా ఆర్కెస్ట్రాలో నేనూ ప్యాడ్స్ అబ్బాయీ ఒకరి మోచేయి ఒకరికి తగిలేంత దగ్గరగా కూర్చునేవాళ్లం. వేరే వేరే మూలల్లో నిలబడ్డ రోజు ఆ తేడా పాటలో తెలిసిపోయేది.

మూడో అనుమానం నీ మీద. నొచ్చుకోకు. ఏడాదివాళ్లు స్వరం మొదలుపెట్టడం నేర్చుకుంటారు, ఆపడం నేర్చుకోరు. ఒక స్వరం తర్వాతి స్వరం మీదికి పొర్లి, అది ఇంకోదాని మీదికి పొర్లి, అంతా ఒకటే గొణుగుడు అవుతుంది. పక్క తీగలు కూడా తోడుగా మోగుతుంటాయి. ఇది చేసి చూడు: ఫోన్‌లో మెట్రోనోమ్ 60లో పెట్టు. ఒకే స్వరం వాయించు. ఒకటి మీద మొదలుపెట్టి సరిగ్గా రెండు మీద ఆపు. పది నిమిషాలు అదే. మర్నాడు రెండున్నర మీద ఆపు. ఎడమ చేతి వేలు ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) మీద నుంచి కొంచెం వదులు చేస్తే స్వరం ఆగుతుంది, తీగ మీద నుంచి పూర్తిగా ఎత్తేయకు. మూడో రోజుకు విసుగొస్తుంది, నాకూ వచ్చింది. రెండు వారాలకు ప్యాడ్స్ అబ్బాయి తనంతట తానే తల తిప్పి నీ వైపు చూస్తాడు.

మన చర్చి పాటల్లో, పెళ్లి పాటల్లో ఆరు బై ఎనిమిది చాలా ఎక్కువ. అందులో ఆరింటినీ నింపేయాలనే ఆత్రం వద్దు. ఒకటి మీద, నాలుగు మీద వాయించు. ఎప్పుడైనా ఆరు మీద ఒక చిన్న స్వరం వేసి ఒకటిలోకి దిగు. అది చాలు. ఖాళీ వదిలినచోట ఢోలక్ మాట్లాడుతుంది, మాట్లాడనీ.

నిజంగానే ఎవరికీ తెలియదా అనే అనుమానం ఉంటే ఒక పరీక్ష ఉంది. బాగా తెలిసిన పాటలో, ముందే బ్యాండ్‌కు చెప్పి, రెండో చరణం మొదటి రెండు లైన్లు వాయించకుండా ఊరుకో. మళ్లీ పల్లవిలో పూర్తి బలంతో దిగు. కూర్చున్నవాళ్లకు ఏం జరిగిందో చెప్పడం రాదు గానీ భుజాలు కదులుతాయి. నువ్వు అక్కడి నుంచి చూడొచ్చు. నేను ఏ పాటకైనా ఈ రెండు లైన్ల ఖాళీని ముందే చూసి పెట్టుకుంటాను.

ఇళయరాజా గారి పాటలు ఈ పనికి మంచి బడి. ఆయన స్వయంగా గిటారిస్టు, బేస్‌కు విడిగా లైన్ రాసి ఇస్తారు. అది పాట వెనకాల నడుస్తున్నట్టే ఉంటుంది, విడిగా తీసి పాడుకుంటే ఇంకో పాట. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని, శ్రుతి మారకుండా వేగం తగ్గించే యాప్‌లో ఒక పల్లవి మాత్రమే తీసుకో. వేలితో కాదు, ముందు నోటితో పాడు. పాడలేని లైన్ వేళ్లకు రాదు.

ట్రాన్స్‌పోజ్ సంగతి. ఇది కీబోర్డ్ ఉన్న ప్రతి ఊళ్లోనూ బేస్ వాడి తలనొప్పి. పాడే ఆమె "కొంచెం శ్రుతి తగ్గించండి" అంటుంది, అన్న మైనస్ రెండు నొక్కుతాడు, ఆయన చేతులు మాత్రం ఎప్పటిలాగే 'సి'లో కనిపిస్తుంటాయి. నువ్వు ఆయన చేతులు చూసి వాయిస్తే అయిపోయావు. చేతులు చూడటం మానేయ్. ఒక్కటే అడుగు: "అన్నా, సా ఎక్కడ?" తెలుగువాళ్లకు ఈ విషయంలో ఒక సుఖం ఉంది. సరిగమలు కదిలే స్వరాలని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సా ఏ శ్రుతిలోనైనా సాయే. పాటను 'సి, ఎఫ్, జి' అని కాకుండా 'సా, మా, పా' అని గుర్తుపెట్టుకో. బేస్ మీద సా లావు తీగ మూడో ఫ్రెట్ అయితే, మా పక్క తీగ మీద అదే ఫ్రెట్‌లో ఉంటుంది, పా పక్క తీగ మీద రెండు ఫ్రెట్లు పైన. తీగలన్నీ ఒకే దూరంతో శ్రుతి చేసి ఉంటాయి కాబట్టి ఈ ఆకారం ఎక్కడికి జరిపినా మారదు. మైనస్ రెండు అంటే ఆకారం మొత్తం రెండు ఫ్రెట్లు వెనక్కి. అంతే.

దీనికి ఒక షరతు ఉంది. వదిలిన తీగ మీద ఆధారపడకూడదు. ఏ వేలూ పెట్టకుండా మీటే స్వరాన్ని జరపలేం కదా. కొత్తవాళ్లకు వదిలిన తీగలే ఇష్టం, సులువు, బాగా మోగుతాయి కూడా. అందుకే ట్రాన్స్‌పోజ్ నొక్కగానే చేతులు ఆడవు. ఒక నెల పాటు అయిదో ఫ్రెట్ చుట్టుపక్కలే వాయించు, వదిలిన తీగలు ముట్టుకోకు. నెల తర్వాత మైనస్ మూడు అన్నా నీకు గుండె జల్లుమనదు. కింద స్వరం లేకపోతే ఒక ఆక్టేవ్ పైన వాయించెయ్, ఎవరూ కేసు పెట్టరు.

మణికట్టు. వేలి కొనలు మండటం వేరు, అవి కాయ కాస్తే పోతుంది. మణికట్టు లాగడం, వేళ్లు తిమ్మిరెక్కడం వేరు, అది వచ్చిన క్షణం వాయించడం ఆపాలి. విశ్రాంతి ఇచ్చినా రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టర్‌కు చూపించు, నన్ను అడగకు. నా అంచనా ఏంటంటే నువ్వు ఇంట్లో మంచం మీద కూర్చుని వాయిస్తావు, అక్కడ నిలబడి బెల్టు కిందికి వేలాడేసి వాయిస్తావు. స్టైల్‌గా ఉంటుంది, ఒప్పుకుంటాను. బేస్ కిందికి దిగేకొద్దీ మణికట్టు మడత పెరుగుతుంది. కూర్చున్నప్పుడు గిటార్ ఎక్కడ ఉందో నిలబడినప్పుడూ అక్కడే ఉండేలా బెల్టు పొడవు సరిచేయి, ఇంట్లో కూర్చున్నా బెల్టు తగిలించుకో. బేస్ నాలుగు కిలోల చుట్టూ బరువు ఉంటుంది, సన్న బెల్టు భుజాన్ని కోస్తుంది, వెడల్పుది కొను.

ఇంకొకటి. ఒక్కో వేలికి ఒక్కో ఫ్రెట్ అని యూట్యూబ్‌లో చెప్తారు. బేస్ తీగ పొడవు మామూలుగా 34 అంగుళాలు, కింది ఫ్రెట్ల దగ్గర ఆ దూరం మన చేతులకు పెద్దది. నిలువు బేస్ వాయించేవాళ్లు ఎప్పటి నుంచో చూపుడు, మధ్య, చిటికెన వేళ్లతో మూడు ఫ్రెట్లు పట్టే పద్ధతి వాడుతున్నారు, ఉంగరం వేలు చిటికెన వేలికి తోడుగా ఉంటుంది. అయిదో ఫ్రెట్ కింద అదే వాడు. బొటనవేలు గిటార్ మెడ వెనకాల ఊరికే ఆనాలి, పిండకూడదు. ఒకసారి బొటనవేలు పూర్తిగా తీసేసి, చేతి బరువుతోనే తీగ నొక్కి చూడు. ఎంత తక్కువ బలం చాలో తెలుస్తుంది. కుడి చేతితో కూడా అంత గట్టిగా లాగక్కర్లేదు. మెల్లగా మీటి యాంప్ పెంచుకో.

బరబర. వానలకు వచ్చిందంటే మెడ కదిలింది. చెక్క తేమ పీల్చుకుంటుంది, మే నెల ఎండకు ఒకలా, జులై ముసురుకు ఒకలా ఉంటుంది. ఏ వైపు వంగిందో అందాజా మీద చెప్పకూడదు, కొలవాలి. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఎడమ చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర కుడి మోచేత్తో నొక్కు. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండాలి, అంటే మిల్లీమీటరులో మూడో వంతు. సందే లేకపోతే మెడ వెనక్కి వంగింది, మొదటి ఫ్రెట్లలో బరబర దాని వల్లే. అప్పుడు మెడ లోపల ఉండే ఇనుప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను అపసవ్య దిశలో వదులు చేయాలి. సందు మరీ ఎక్కువైతే సవ్య దిశలో బిగించాలి. పావు చుట్టుకు మించి తిప్పకు, ఒక రాత్రి ఆగి మళ్లీ కొలువు. చెక్కకు తొందర లేదు. సరైన సైజు అలెన్ కీ లేకుండా అసలు ముట్టుకోకు, ఆ నట్టు తల అరిగిందంటే మరమ్మతు బేస్ ధరలో సగం అడుగుతుంది. గట్టిగా ఉండి కదలకపోతే బలవంతం చేయకుండా గిటార్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లు.

యాంప్‌లో వినబడకుండా ఊరికే చేతిలో ఉన్నప్పుడు మాత్రమే వినబడే బరబర అయితే వదిలేయ్. దాని కోసం తీగలు ఎత్తుకుంటే మణికట్టు నొప్పి పెరుగుతుంది.

తీగలు ఎప్పుడు మార్చాలని నువ్వు అడగలేదు గానీ అడుగుతావు. కృష్ణా తీరం చెమటకు తీగలు తొందరగా తుప్పు పడతాయి, ఒక సెట్టుకు రెండు వేల దాకా అవుతుంది. వాయించాక పాత బనియను గుడ్డతో ఒక్కో తీగనూ పైనా కిందా తుడువు, ఆయుష్షు పెరుగుతుంది. అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదని చెప్పుకుంటారు. పైగా ఒక్క చూపుడు వేలితోనే వాయించేవాడు. కాబట్టి కొత్త తీగల మెరుపు లేనంత మాత్రాన పాట ఆగదు. నేను మాత్రం ఏడాదికి ఒకసారి మారుస్తాను. శ్రుతి నిలవకపోతే, పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం తప్పుతుంటే ఇంకా ముందే.

అపార్ట్‌మెంట్‌లో రాత్రి ప్రాక్టీస్‌కు ఒక చిట్కా. యాంప్ వద్దు, కరెంటూ వద్దు. గిటార్ తల కొసను చెక్క బీరువాకో తలుపుకో మెల్లగా ఆనించి వాయించు. ఆ చెక్క మొత్తం నీ స్పీకర్ అవుతుంది, నీకు మాత్రమే సరిపడా వినబడుతుంది. యాంప్ వాడక తప్పకపోతే నేల మీద పెట్టకు, పాత పరుపు ముక్క మీద పెట్టు. కింది శబ్దం గాలిలో కంటే నేల గుండా కింది ఇంటివాళ్లకు ముందు చేరుతుంది.

ఇప్పుడు ఐదు తీగలు. నువ్వు రాసిన బాధల్లో ట్రాన్స్‌పోజ్ తప్ప ఒక్కటీ దాంతో తగ్గదు. మెడ ఇంకా వెడల్పు, బరువు ఇంకొంచెం ఎక్కువ, కాబట్టి మణికట్టు ముందు ఒప్పుకోదు. ఆ అయిదో తీగ 31 హెర్ట్జ్, మీ చర్చి స్పీకర్లలో దాని అసలు శబ్దం బయటికి వస్తుందన్న నమ్మకం లేదు. లాభం లేదని కాదు. 'డి'లో, 'సి'లో పాడేవాళ్లకు కింద సా దొరుకుతుంది, అయిదో ఫ్రెట్ దగ్గర కూర్చుని చాలా పాటలు వాయించేయొచ్చు, ట్రాన్స్‌పోజ్ వాళ్లతో బతకడం తేలికవుతుంది. నేను పదకొండో ఏట కొన్నాను, వాయించడం మొదలుపెట్టిన పదకొండో ఏట. అప్పటిదాకా 'డి' కావాలంటే లావు తీగనే ఒక స్వరం కిందికి దించుకునేవాణ్ని, ఉచితం. నువ్వూ ముందు అది చేసి చూడు. అప్పటికీ కొనాలనిపిస్తే షాపులో స్టూలు మీద కూర్చుని పది సెకన్లు మోగించి డబ్బు కట్టకు. బెల్టు తగిలించుకుని పావుగంట నిలబడు. తల వైపు కిందికి వాలిపోతుంటే ఎంత బాగా మోగినా వద్దు.

ఇదంతా నింపాదిగా చెయ్యి. ఈ ఆదివారం లోపు మాత్రం ఆ ప్లగ్ బోర్డుల సంగతి తేల్చు. మైక్ జాలీకీ తీగకూ మధ్య ఎన్ని వోల్టులు చూపించిందో నాకు రాయి, ఎర్త్ పిన్ను ఉన్నదీ లేనిదీ కూడా రాయి. అప్పటిదాకా కోరస్ వేరే ఎవరినైనా పాడమను.